డెన్వర్ నుంచి శాండ్ క్రీక్ ఊచకోత స్థలాన్ని ఒక్కరోజులో చూసి రాగలమా?

రాగలరు, సొంత కారు ఉండి పొద్దున్నే బయలుదేరితే. తూర్పు కొలరాడో మైదానాల్లో మారుమూల ఉన్న ఈ చోటుకి డెన్వర్ నుంచి ఒకవైపే దాదాపు మూడు గంటల ప్రయాణం. చివరి కొన్ని మైళ్లు మట్టిరోడ్డు, వాన పడితే బురద. అక్కడ పెట్రోలు, భోజనం దొరకవు. ఉదాహరణకి ఆరింటికి బయలుదేరి, దగ్గరి ఊరు ఈడ్స్‌లో ట్యాంక్ నింపుకుంటే, రెండు గంటలు నింపాదిగా చూసి చీకటి పడేలోపు ఇల్లు చేరొచ్చు. తెరిచి ఉండే రోజులు ముందే చూసుకోండి.

చాలామంది దీన్ని యుద్ధభూమి అనుకుంటారు. కాదు. 1864 నవంబర్ 29న అమెరికా సైన్యపు కర్నల్ చివింగ్టన్ సైనికులు అక్కడి మూలవాసులైన షయాన్, అరాపహో తెగల విడిదిపై విరుచుకుపడి సుమారు 230 మందిని చంపారు. ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు, వృద్ధులే. అప్పటికే షయాన్ నాయకుడు బ్లాక్ కెటిల్ తన గుడారంపై అమెరికా జెండాతోపాటు తెల్లజెండా కూడా ఎగరేశాడు! చివింగ్టన్ కింద పనిచేసే కెప్టెన్ సైలస్ సోల్ మాత్రం కాల్చమని తన దళాన్ని ఆదేశించలేదు.

ఊచకోత జరిగిన శాండ్ క్రీక్ వాగులోకి దిగనివ్వరు, గట్టు మీదనుంచే చూడాలి. ఆ తెగలకు అది పవిత్రస్థలం.