ఎలీజబెత్‌ను అన్నిసార్లు ఏడిపించకు

అమ్మాయికి ఆశీస్సులు.

పదహారో శతాబ్దపు జర్మన్ రాకుమారి బ్రాండెన్‌బుర్గ్ ఎలీజబెత్ మీద నువ్వు పంపిన రచన రెండుసార్లు చదివాను. వాక్యం శుభ్రంగా ఉంది. అయితే ముప్పై పుటల్లో ఆమెను పదకొండుసార్లు ఏడిపించావు, విసుగొచ్చి లెక్కపెట్టాను. 1525లో, పదిహేనేళ్ళయినా నిండని పిల్లను 55 ఏళ్ళ కాలెన్‌బెర్గ్ డ్యూకు ఎరిక్‌కు ఇచ్చి చేశారన్న ఒక్క మాట చాలు, చదివేవాడికి కలుక్కుమనడానికి.

నన్ను నిజంగా నొప్పించింది నువ్వు రాయనిది. భర్త ఉంచుకున్న ఆనా అనే స్త్రీ మీద ఎలీజబెత్ చేతబడి నేరం మోపింది. ఆ విచారణల్లో కొందరు ఆడవాళ్ళను కాల్చి చంపారు. ఆ తగవులోనే, భర్త పోతే తనకు దక్కవలసిన భూభాగాన్ని మార్పించి, మ్యూండెన్ ప్రాంతాన్ని రాయించుకుంది. 1528 నాటి కష్టమైన కాన్పును మూడు పుటలు వర్ణించినదానివి, దాని వెంటనే జరిగిన ఈ ఘోరం నీ కంటపడలేదంటే నమ్మను.

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. నలభై ఏళ్ళ కిందట ఒక జమీందారిణి కథలో ఆమె దాసిని కొట్టించిన ఘట్టం రాస్తే, ఆడపాఠకులు నొచ్చుకుంటారని ఒక వారపత్రిక సంపాదకుడు ఆ పేరా కోసేశాడు. రెండు నెలల ఇంటద్దె బాకీ ఉన్న నేను తలూపాను. ఆ కథను మెచ్చుకున్న వారెవరికీ నేటికీ జవాబు రాయలేకపోయాను. ఇప్పటి సంపాదకులు ‘ధీరవనిత’ అన్న శీర్షిక కోసం అదే కత్తెర పట్టుకున్నారు.

ఆ ఘోరాన్ని పక్కనే నిలబెట్టి చూస్తేనే ఆమె మిగతా బతుకు బరువు తెలుస్తుంది. 1538లో చర్చిలో జరిగే ప్రభు భోజనంలో రొట్టెతో పాటు, కేథలిక్కులు అప్పట్లో మామూలు భక్తులకు ఇవ్వని ద్రాక్షారసమూ బహిరంగంగా పుచ్చుకుని, కేథలిక్ చర్చిని ఎదిరించిన లూథర్ మతంలో చేరింది. కేథలిక్కుగానే ఉండిపోయిన ఎరిక్ అడ్డుపడలేదు. 1540లో అతడు హాగెనౌ పట్టణంలో పోతే, అప్పులు తీర్చి దేహాన్ని విడిపించుకుని మ్యూండెన్‌లో పూడ్చేసరికి దాదాపు ఏడాది పట్టింది. మైనరు కొడుకు తరఫున రాజ్యం నడుపుతూ, లూథర్ మత బోధకుడు ఆంటోన్ కోర్వీనుస్ చేత 1542లో చర్చి నియమావళి రాయించింది. ఆ కొడుకే పెద్దవాడై తిరిగి కేథలిక్కులలో కలిసి, 1549లో కోర్వీనుస్‌ను చెరసాలలో వేశాడు.

1546లో హెన్నెబెర్గ్ కౌంటు పొప్పోతో జరిగిన రెండో పెళ్ళిని వలపు కథ చేశావు. అతడు ఆమె అల్లుడికి స్వయానా తమ్ముడు. ముందు ఆ చుట్టరికం చూడు.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన 1550 దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ ఏడు కూతురు ఆనా మరియాను దాదాపు అరవై ఏళ్ళ ప్రష్యా డ్యూకు ఆల్‌బ్రెఖ్ట్‌కు ఇచ్చారు, పిల్లకు పద్దెనిమిదేళ్ళయినా నిండలేదు. భర్తకు ఎలా లోబడి మెలగాలో చెబుతూ, తల్లి తన చేత్తో ఆమెకొక పుస్తకం రాసి ఇచ్చింది.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు ఆ కాన్పు అధ్యాయం తిరగరాసి నాకు పంపు.