డ్రమ్ములో ఎరువు కలిపే ముందు

చిరంజీవి అల్లుడికి,

దానిమ్మ తోటకు డ్రిప్పు వేయించావనీ, ఎరువులు కూడా పైపుల్లోనే పంపిస్తావనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. మొదటి డ్రమ్ము కలపకముందే ఇది చదువు.

నీళ్లలో కలిసినదల్లా కరిగినట్టు కాదు నాయనా. పసుపు వేసి తిప్పితే నీళ్లన్నీ పచ్చబడతాయి, కాసేపు వదిలేస్తే అడుగున పేరుకుంటుంది. ఉప్పునీళ్లు ఎన్నాళ్లున్నా తేటగానే ఉంటాయి, ఏ గుడ్డలో వడగట్టినా ఉప్పదనం పోదు. కరగడమంటే అదీ. డ్రిప్పరు సన్నని దారిలో అలాంటిదే పోతుంది. సూపర్ ఫాస్ఫేటులో సరిగా కరగని జిప్సం చాలా ఉంటుంది, దాన్ని నేలకే వెయ్యి. పొటాష్ తెల్లది తీసుకో. ఎర్రదానిలో ఆ ఎరుపు ఇనుప తుప్పు, కరగదు.

కరిగేదానికీ హద్దుంది. యూరియా లీటరుకు కిలో దాకా కరుగుతుంది, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ 100 గ్రాములు దాటితే మొండికేస్తుంది. పైగా యూరియా కరుగుతూ నీటిని చల్లబరుస్తుంది, ఆ చల్లటి నీళ్లలో పొటాష్ ఇంకా తక్కువ కరుగుతుంది. అందుకే యూరియా చివర వెయ్యి.

అసలు ప్రమాదం మరొకటి. కాల్షియం నైట్రేటు విడిగా చక్కగా కరుగుతుంది, సల్ఫేట్ ఆఫ్ పొటాషూ కరుగుతుంది. పని కలిసొస్తుందని ఒకసారి రెండూ ఒకే డ్రమ్ములో పోశాను. నీళ్లు సున్నం కలిపినట్టు తెల్లబడ్డాయి. ఇంకాస్త తిప్పితే సర్దుకుంటుందిలే అని వాల్వు తిప్పేశాను. కాల్షియమూ సల్ఫేటూ చేరి జిప్సం అయింది, అది లీటరు నీటిలో రెండు గ్రాములు కరగడమే ఎక్కువ. డ్రిప్పర్లు పూడుకుపోయాయి. ఆసిడ్ పారించాను. ఆసిడ్‌కు సున్నపు పొర కరుగుతుంది గానీ జిప్సం లొంగలేదు. మండువేసవిలో చీనీ చెట్లు వాడిపోతుంటే లేటరళ్లు, అంటే డ్రిప్పర్లుండే సన్న పైపులు, మార్చాల్సి వచ్చింది. ఇప్పటికీ తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

12-61-0, 0-52-34 లాంటి భాస్వరం ఎరువులకూ కాల్షియం పడదు. కాల్షియానికి వేరే రోజు పెట్టుకో, మధ్యలో ఉత్త నీళ్లు పారించు.

ఏ కొత్త జత అయినా ముందు గాజు సీసాలో చూడు. నీ బోరు నీళ్లే పట్టు, మన నీళ్లలో ముందే సున్నం ఉంది. మినరల్ వాటర్‌లో కరిగిందని చూపిస్తే నమ్మకు. డ్రమ్ములో వేసే పాళ్లలోనే వేసి, రెండు గంటలు కదపకుండా ఉంచి, ఎండకు ఎత్తి చూడు.

మొదటి సీసా ఫొటో నాకు పంపు. తెల్లబడితే వాల్వు తిప్పకు, నేనే వస్తాను.

ఆశీస్సులతో,
మీ మామ