బస్సు ఫ్రీ అయినా నెలకి 2,400 ఎటు పోతోంది?

ప్రశ్న: మాది నెల్లిమర్ల జంక్షన్‌కి మూడు కిలోమీటర్లు లోపలికి ఉండే ఊరు. విజయనగరం గంటస్తంభం దగ్గర బట్టల షాపులో సేల్స్‌లో చేస్తున్నాను. జీతం 14,500. మా ఆయనది తాపీ పని. ఒక వారం ఉంటుంది, ఒక వారం ఉండదు. పాప మూడో తరగతి, తొమ్మిదో ఏడు నడుస్తోంది. ఊరి నుంచి జంక్షన్‌కి ఆటో 20, అక్కణ్ణుంచి విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్‌కి బస్సు ఫ్రీ, కాంప్లెక్స్ నుంచి షాపుకి ఆటో 20. వచ్చేటప్పుడూ ఇంతే. రాత్రి పల్లెవెలుగు దాటిపోయిన రోజున, నెలకి పది రోజులైనా దాటిపోతుంది, నెల్లిమర్లకి షేర్ ఆటో ఇంకో 30. స్కూటీ తీసుకుందామంటే షోరూమ్‌లో ఆన్‌రోడ్ 1,05,000 చెప్పారు. 15,000 కడితే మిగతాది నెలకి 3,400 చొప్పున 36 నెలలు. ఆ 15,000 దాచి ఉంచాను. మా ఆడపడుచుకి హైస్కూల్లో ‘బడికొస్తా’ కింద ఇచ్చిన సైకిల్ ఇంట్లో మూల పడి ఉంది. దాని మీదే విజయనగరం వెళ్ళిపోవచ్చు కదా అని మా ఆయన, పెళ్ళయినదానివి సైకిలేంటని మా అత్తగారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, స్కూటీ ఇప్పుడు వద్దు. సైకిల్ తియ్యండి, కానీ విజయనగరం దాకా కాదు. ఎందుకో చెప్తాను.

మీరు ఏ ఆటోకి ఎంత ఇస్తున్నారో విడివిడిగా రాయడం వల్ల నా పని సులువైంది. రోజుకి 80, నెలకి 26 రోజులు వేసుకుంటే 2,080. బస్సు తప్పిన పది రాత్రులకి 300. మొత్తం 2,380. ఇందులో బస్సు ప్రయాణమే దాదాపు తొమ్మిది కిలోమీటర్లు, దానికి మీరు పైసా పెట్టడం లేదు. డబ్బంతా పోతున్నది ఇటు మూడు కిలోమీటర్లకి, అటు రెండు కిలోమీటర్లకి. మీ ఇంట్లో జరుగుతున్న వాదన మొత్తం సైకిలా, బస్సా, స్కూటీయా అని ఉంది. నేనైతే ఒక్కో ముక్క దారికి ఏది చవక అని చూస్తాను. మధ్యలో ఉన్న తొమ్మిది కిలోమీటర్లకి ఫ్రీ బస్సు కంటే చవకైనది లేదు. మీ ఆయన చెప్పినట్టు పూర్తిగా తొక్కితే 2,380 మొత్తం మిగిలే మాట నిజమే. కానీ పొద్దంతా నిలబడి చేసే ఉద్యోగం మీది. దాని మీద రోజుకి 28 కిలోమీటర్లు, అందులో సగం రాత్రిపూట లారీలు తిరిగే రోడ్డు మీద. నాలుగు వారాలు తొక్కి మానేస్తారు, ఆ కోపంలో స్కూటీకి సంతకం పెట్టేస్తారు. ఏళ్ళ తరబడి చెయ్యగలిగిన పని మీదే ఇంటి లెక్క నిలబెట్టుకోవాలి.

స్కూటీ లెక్క కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే షోరూమ్ వాళ్ళు చెప్పే తీరులో అది చాలా చిన్నగా కనిపిస్తుంది. మీకు ఇచ్చే అప్పు 90,000. నెలకి 3,400 చొప్పున 36 నెలలంటే 1,22,400. వడ్డీయే 32,400. దీన్ని వాళ్ళు ‘12 శాతం’ అంటారు. 90,000 మీద ఏడాదికి 12 శాతం, మూడేళ్ళకి 32,400, లెక్క కుదిరింది కదా అనిపిస్తుంది. అయితే మొదటి నెల మీరు బాకీ ఉన్నది 90,000, రెండేళ్ళు కట్టాక బాకీ అందులో సగం కూడా ఉండదు. అయినా వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం 90,000 మీదే వేస్తున్నారు. తగ్గుతున్న బాకీ మీద లెక్కిస్తే ఈ వడ్డీ 21 శాతం దాటుతుంది. 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి అప్పులన్నిటికీ కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. అసలు వార్షిక రేటు, అన్ని చార్జీలు కలిపి, అందులో రాసి ఉండాలి. అది మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఎప్పుడు ఎక్కడ అప్పు తీసుకున్నా ముందు ఆ కాగితం తెలుగులో అడగండి.

జీఎస్టీ తగ్గింది, ఇదే మంచి టైమని కూడా చెప్పి ఉంటారు. 2025 సెప్టెంబరు 22 నుంచి స్కూటీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజమే. దానివల్ల కలిసొచ్చేది ఏడెనిమిది వేలు. ఫైనాన్స్ వడ్డీకి పోయేది 32,400.

కిస్తీ ఒక్కటే కాదు. రోజుకి 28 కిలోమీటర్లు, నెలకి 728. లీటరుకి 45 ఇచ్చినా 16 లీటర్లు పైనే పడుతుంది. పెట్రోలు లీటరు 110 రూపాయలు వేసుకున్నా నెలకి 1,780. సర్వీసింగ్, ఏటా ఇన్సూరెన్సు, టైర్లు కలిపి నెలకి ఓ 400 పక్కన పెట్టక తప్పదు. మొత్తం 5,580. మీ జీతంలో ఇంచుమించు 38 శాతం. మీ ఆయనకి పని లేని వారం వచ్చినా ఫైనాన్స్ వాళ్ళ తేదీ మారదు. పైగా దాచుకున్న 15,000 కూడా ఆరోజే షోరూమ్‌లో ఇచ్చేసి వస్తారు. జ్వరం వచ్చినా, పాపకి దెబ్బ తగిలినా అడుక్కోవాల్సిన చేబదులు అక్కడ మొదలవుతుంది. నన్ను అడిగితే మీ ఇంట్లో ఇప్పుడున్న అన్నిటికంటే విలువైన వస్తువు ఆ 15,000.

ఇక సైకిల్. ఊరి నుంచి జంక్షన్‌కి మూడు కిలోమీటర్లు పావుగంట ప్రయాణం. ఆటో నిండే దాకా కూర్చునే సమయం కలుపుకుంటే ఉదయం సైకిలే ముందు చేరుతుంది. కొత్తది కొనక్కర్లేదు. ఉన్నదాన్ని నెల్లిమర్లలో మంచి మెకానిక్ దగ్గర ఓవర్‌హాలింగ్ చేయించండి. ఏళ్ళ తరబడి మూల పడిన సైకిల్‌కి పైపైన గాలి కొడితే సరిపోదు. టైరు పక్క గోడ వేలితో నొక్కి చూడండి, సన్నగా పగుళ్ళు కనిపిస్తే రెండు టైర్లూ ట్యూబులూ మార్చాల్సిందే. వెనక చక్రం ఎత్తి తిప్పితే రిమ్ము ఒక పక్కకి ఊగుతూ ఉంటే చువ్వలు బిగించమనండి. బ్రేక్ కట్టలు, బ్రేక్ వైర్లు ఎలా ఉన్నా కొత్తవి వేయించండి, అక్కడ పొదుపు చెయ్యకండి. చీరతో వెళ్తారు కాబట్టి చైను కవరు, వెనక చక్రానికి కొంగు చుట్టుకోకుండా గార్డు తప్పనిసరి. ముందు లైటు, వెనక ఎర్ర రిఫ్లెక్టరు, గట్టి తాళం కూడా తీసుకోండి. అన్నీ కలిపి రెండు వేల లోపే అవుతుందని నా అంచనా. అది ఆ 15,000లోంచే తీసుకోండి, మొదటి మూడు నెలల్లో తిరిగి వేసేద్దురు.

మీ అత్తగారి మాటని కొట్టిపారెయ్యను. ఆవిడ భయం ఊళ్ళో వాళ్ళ నోటి గురించి కొంత, మీ రాత్రి ప్రయాణం గురించి కొంత. రెండోదానిలో న్యాయం ఉంది. రాత్రి మీ ఊరి రోడ్డు ఎలా ఉంటుందో నాకంటే మీకే తెలుసు. మీ ఆయన ఇంట్లో ఉన్న రోజు జంక్షన్‌కి ఎదురు రమ్మనండి. మనసు ఒప్పని రోజు సైకిల్ అక్కడే వదిలేసి ఆటో ఎక్కండి. ఆ 20 రూపాయలు దండగ అనుకోవద్దు, నేను లెక్కలో ముందే తీసేశాను. వానాకాలం, అక్టోబరు నవంబరుల్లో తుపాను పట్టిన రోజులు కూడా తీసేశాను. ఊళ్ళో వాళ్ళ మాటల సంగతికొస్తే, అదే ఊళ్ళో ఆడపిల్లలకి బడికి వెళ్ళమని సర్కారే సైకిళ్ళు ఇచ్చింది, అందరూ చూశారు. పనికి వెళ్ళే అమ్మాయి తొక్కితే వచ్చే తప్పేమిటో నాకు కనిపించడం లేదు.

జంక్షన్‌లో సైకిల్ పెట్టడానికి స్టాండ్ అయితే రోజుకి 10 వేసుకున్నాను. తెలిసిన కిరాణా కొట్టు వాళ్ళు పెట్టుకోనిస్తే అదీ మిగులు. ఊరి ఆటో రెండు పూటలా మానితే 1,040 మిగలాలి. స్టాండుకి 260, పంక్చర్లకీ చిన్నాచితకా రిపేర్లకీ 80, వాన రోజుల ఆటోలకి 100 తీసేస్తే, నెల మీద నికరంగా 600 మీ చేతిలో ఉంటుంది. కాంప్లెక్స్ నుంచి షాపుకి ఆటో అలాగే ఉంచండి. చలికాలం ఉదయాల్లో నడవాలనిపిస్తే మంచిదే, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

రాత్రి షేర్ ఆటోకి పోతున్న 300 గురించి మాత్రం మీకు తెలియని సంగతి ఒకటి ఉన్నట్టుంది. పల్లెవెలుగు దాటిపోతే ఆటో ఎక్కుతున్నానని రాశారు. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి, అంటే ఆడవాళ్ళ ఫ్రీ బస్సు పథకం, పల్లెవెలుగుతో ఆగలేదు. అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ కూడా అందులో ఉన్నాయి. విజయనగరం నుంచి చీపురుపల్లి, రాజాం, పాలకొండ వైపు వెళ్ళే రోడ్డు నెల్లిమర్ల మీదుగానే పోతుంది. కాంప్లెక్స్ ఎంక్వయిరీలో రాత్రి 8 తర్వాత ఆ దారిన వెళ్ళే బస్సుల టైములన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. నెల్లిమర్లలో ఆగుతుందా అని కండక్టర్ని అడిగి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. ఆధారో ఓటరు కార్డో ఒరిజినల్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తారు. అప్పటికీ పది నిమిషాల తేడాలో బస్సు పోతూ ఉంటే షాపు యజమానితో మాట్లాడండి. ఉదయం పది నిమిషాలు ముందు వస్తాను, రాత్రి పది నిమిషాలు ముందు పంపండి అంటే చాలామంది ఒప్పుకుంటారు. దసరా నుంచి పైడితల్లి సిరిమాను పండగ దాకా మాత్రం అడగకండి. ఆ రోజుల్లో షాపులో ఊపిరాడదు, మీ మాట చెల్లదు.

రోడ్డు మీద వెళ్ళే మనిషి కాబట్టి ఇన్సూరెన్సు ముందు చూసుకోవాలి. మీ బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన ఉందేమో అడగండి. ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు ఇస్తారు. మీ ఆయనకి కూడా చేయించండి, తాపీ పనిలో గోడలెక్కే మనిషి ఆయన. జీవన్ జ్యోతి అనే జీవిత బీమాకి ఏడాదికి 436, యాభై ఏళ్ళ లోపు వాళ్ళు చేరవచ్చు. ఇద్దరికీ కలిపి 912 అవుతుంది, అది మీ నెలన్నర మిగులు. ఇంకో మాట. మీ షాపులో పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేస్తుంటే మీకు ఈఎస్ఐ ఉండాలి. జీతం స్లిప్పులో 0.75 శాతం, అంటే 109 రూపాయల కోత కనిపించాలి. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకి ఇంటి నుంచి పనికి వెళ్ళే దారిలో, తిరిగి వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా పనిలో జరిగినట్టే చూస్తారు, పని కారణంగానే ఆ దారిన వెళ్తున్నట్టు తేలితే చాలు. సైకిల్ మీద వెళ్ళినా అంతే. స్లిప్పే ఇవ్వకపోతే మర్యాదగానే అడగండి, కానీ అడగండి.

ఇప్పుడు ఆ 600. పర్సులో ఉంచితే వారంలో కనబడదు, మీ తప్పు కాదు, ఏ ఇంట్లోనైనా అంతే. జీతం పడిన మర్నాడే పోస్టాఫీసు ఆర్‌డీలో, అంటే నెలనెలా కట్టే పొదుపు ఖాతాలో వెయ్యండి. ఇప్పుడు 6.7 శాతం వడ్డీ ఉంది. ఐదేళ్ళలో మీరు వేసేది 36,000, వచ్చేది 42,800 దాకా. ఏడాది కిస్తీలు సక్రమంగా కడితే కట్టినదాంట్లో సగం వరకు దాని మీదే అప్పు కూడా ఇస్తారు. 15,000లో సైకిల్ ఖర్చు పోగా మిగిలింది సేవింగ్స్ ఖాతాలోనే ఉండనివ్వండి. అది ఆసుపత్రికి, తాపీ పని లేని వారాలకి. ఎక్కువ వడ్డీ వస్తుందని ఎవరు చెప్పినా దాన్ని కదపకండి. రెండు మూడేళ్ళ తర్వాత నిజంగా బండి కావాలనిపిస్తే అప్పటికి చేతిలో సొమ్ము ఉంటుంది, అప్పు చిన్నదవుతుంది. అప్పుడైనా ఫైనాన్స్ కంపెనీ గుమ్మం ఎక్కేముందు మీ డ్వాక్రా సంఘంలో, బ్యాంకులో వడ్డీ ఎంతో కనుక్కోండి.

ఆగకూడని పని ఒక్కటే ఉంది. పాపకి సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్ళు నిండకముందే తెరవాలి, నిండాక తెరవనివ్వరు. ఏడాదికి 250 కడితే ఖాతా నిలుస్తుంది. ఇప్పుడు 8.2 శాతం ఇస్తున్నారు, పోస్టాఫీసు పథకాల్లో ఇంతకంటే పెద్ద రేటు లేదు. మీ పరిస్థితిలో ఇప్పుడే పెద్ద మొత్తం అందులో పెట్టమనను. ఆ డబ్బు పాపకి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా, లేదా పదో తరగతి దాటేదాకా బయటికి రాదు. 250తో తెరిచి ఉంచండి, చేతిలో ఆడినప్పుడు పెంచుకోవచ్చు. పాప జనన ధ్రువపత్రం, మీ ఆధార్, పాన్ కార్డు, రెండు ఫొటోలు పట్టుకుని నెల్లిమర్ల పోస్టాఫీసుకి వెళ్ళండి. ఆర్‌డీ కూడా అదే రోజు, అదే కౌంటర్‌లో తెరిపించుకోవచ్చు. షాపు సెలవు రోజున పోస్టాఫీసు కూడా మూసి ఉంటే, ఒక పూట పర్మిషన్ తీసుకుని అయినా ఈ నెలలోనే వెళ్ళి రండి.