మల్టీమీడియా కోర్సు వేరు, మల్టీమీడియా జర్నలిజం వేరు

ప్రశ్న: నేను ఆర్టీసీలో కండక్టర్‌ను. మాది దేవరకొండ దగ్గర. మా బిడ్డ నల్లగొండలో బీఎస్సీ ఫైనలియర్. మల్టీమీడియా జర్నలిజం చేస్తానంటోంది. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడాది మల్టీమీడియా కోర్సుకు లక్షన్నర అడుగుతున్నారు. సిలబస్ కాగితం పంపుతున్నాను. కట్టమంటారా? మైకు పట్టుకుని తిరగడానికి ఇంత ఖర్చా అని ఇంట్లో టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నా, కట్టకండి. మీరు పంపిన కాగితంలో ఉన్నవి ఫొటోషాప్, యానిమేషన్, త్రీడీ, వీడియో ఎడిటింగ్. చెడ్డ చదువేం కాదు, సినిమాలకూ ప్రకటనలకూ పనికొస్తుంది. కానీ మీ అమ్మాయి అడిగేది అది కాదు. ఒక వార్తలో ఏది రాయాలి, ఏది చూపించాలి, ఏది వినిపించాలి, ఏది బొమ్మ గీసి చెప్పాలి అని తేల్చుకునే పని ఆమెది.

మీకు తెలిసిన సంగతే తీసుకుందాం. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. ఆ సొరంగం నీళ్ల కోసం మీ ఫ్లోరైడ్ ఊళ్లు ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నాయో నేను చెప్పక్కర్లేదు. టీవీల్లో రోజుల తరబడి సొరంగం మూతి, అంబులెన్సులు, వరసగా మైకులు. చూసేవాళ్ల మనసులో మాత్రం ఒకటే ప్రశ్న: ఇంతమంది ఉండి ఎందుకు తీయలేకపోతున్నారు? మూతి దగ్గర ఎంతసేపు కెమెరా పెట్టినా దానికి జవాబు దొరకదు. కూలింది దాదాపు 14 కిలోమీటర్ల లోపల. అక్కడ బురద, ఊట నీళ్లు, విరిగిన బోరింగ్ మిషన్ ఇనుము. సొరంగాన్ని నిలువునా కోసినట్టు గీసిన బొమ్మ ఒక్కటి చాలు, ఎవరికైనా అర్థమవుతుంది. చిక్కుకున్నవాళ్లు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ఇంటివాళ్ల మాట వాళ్ల భాషలోనే వినిపించి కింద తెలుగు వేయాలి. ఇక అక్కడి రాయి, ఊట గురించి ముందే ఏం తెలుసు, ఎవరికి తెలుసు అన్నది? అది కాగితాలు తిరగేసి రాయాల్సిందే. వీడియో అంత బరువు మోయదు.

2012 డిసెంబర్‌లో న్యూయార్క్ టైమ్స్ ‘స్నో ఫాల్’ అని ఒక కథనం ఇచ్చింది. అమెరికాలో మంచు కొండచరియ విరిగిపడి ముగ్గురు పోయిన సంగతి. కదిలే మ్యాపులు, వీడియోలు చూసి ప్రపంచంలోని పత్రికలన్నీ అలాంటిది మాకూ కావాలన్నాయి. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ అవార్డు వచ్చింది, అదీ ఫీచర్ రచన విభాగంలో, అంటే రాతకు. ఈ మాట మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా ఒక పరీక్ష పెడదాం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు ఉచిత బస్సు నడుస్తోంది కదా. తెల్లవారుజామున మొదటి బస్సు మీద ఒక కథనం చేయమనండి. మీ బస్సు మీద మాత్రం వద్దు. నాన్న డ్యూటీ మీద కూతురు వార్త రాస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. వేరే డిపో ఎంచుకుని, ముందు పర్మిషన్ తీసుకోవాలి. మూడు రోజులు అదే బస్సు ఎక్కాలి. మొదటి రోజు ఫోన్ బయటికి తీయకూడదు, ఊరికే చూడాలి. తర్వాత విజిల్, టికెట్ మిషన్ చప్పుడు, సద్దులు సర్దుకునే మాటలు, ఇవన్నీ ఒక్కో నిమిషం కదలకుండా రికార్డు చేయాలి. కొత్తవాళ్లు విజువల్స్ మీద పడి సౌండ్ మర్చిపోతారు. ఎడిటింగ్‌లో కూర్చున్నాక ఏడుస్తారు. కూలికి పోయే ఒక అమ్మను ఎంచుకుని, మిగిలిన చార్జీ డబ్బులు ఎటు పోతున్నాయో అడగాలి. ముఖం చూపించొచ్చా అని అడిగాకే కెమెరా. ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ల లెక్క డిపోలో అడగాలి, ఇవ్వకపోతే ఆర్టీఐ ఉంది. ఆ లెక్కను డేటారాపర్‌లో గ్రాఫ్ చేయొచ్చు, వీడియో డావిన్సీ రిజాల్వ్‌లో కోయొచ్చు. రెండూ ఉచితంగా దొరుకుతాయి. ఇదంతా చేశాక కూడా ఆమెకు హుషారు మిగిలితే అప్పుడు చదువు మాట.

డిగ్రీ అయ్యాక దారులున్నాయి. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది, ప్రవేశం సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష ద్వారా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలి. ఈనాడు జర్నలిజం స్కూల్ మల్టీమీడియా, టెలివిజన్, మొబైల్ జర్నలిజాల్లో శిక్షణ ఇస్తుంది. రాతపరీక్ష ఉంటుంది, ఎంపికైతే వాళ్లే స్టైపెండ్ ఇస్తారు. ఈలోగా జర్నలిస్టు పి. సాయినాథ్ 2014లో మొదలుపెట్టిన పల్లె కథనాల వెబ్‌సైట్ ‘పరి’ని తెలుగులోనే రోజుకొకటి చదవమనండి, మీరూ పక్కన కూర్చోండి.

జీతం గురించి దాచను. మండలంలో కంట్రిబ్యూటర్‌గా చేరితే లైన్ అకౌంట్ లెక్కన, అంటే అచ్చయిన వార్త కొలతను బట్టి, వచ్చేది పెట్రోలుకే సరిపోదు. అలా చేరనివ్వకండి. రాయడం, కోయడం రెండూ వచ్చినవాళ్లకు హైదరాబాద్ డిజిటల్ డెస్కుల్లో నెల జీతం ఉంటుంది. మొదట్లో తక్కువే, షిఫ్టులూ ఉంటాయి. రాత్రి డ్యూటీలు మీకు కొత్త కాదు కదా.

ఆ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే, మీ దగ్గర చదివినవాళ్లు చేసిన వార్తా కథనం ఒక్కటి చూపించమనండి. లోగోలు, పెళ్లి వీడియోలే చూపిస్తే మర్యాదగా ఫోన్ పెట్టేయండి.