ఇంగ్లిష్ వాక్యంలో ‘ఓన్లీ’ ఎక్కడ పెట్టాలి?

మీ ప్రశ్న: ‘రవి నాకు మాత్రమే ఫోన్ చేశాడు’ అన్న వాక్యాన్ని ‘రవి కాల్డ్ మీ ఓన్లీ’ అని రాయవచ్చా?

అర్థమవుతుంది గానీ, వినడానికి తెలుగులా ఉంటుంది. కారణం చిన్నదే. మన ‘మాత్రమే’ పదానికి వెనుక వస్తుంది, వాళ్ల ‘ఓన్లీ’ సాధారణంగా ముందు వస్తుంది. కాబట్టి ‘రవి కాల్డ్ ఓన్లీ మీ’ అనండి.

దాని చోటు మారిస్తే అర్థమూ మారుతుంది. ‘ఓన్లీ రవి కాల్డ్ మీ’ అంటే ఇంకెవరూ చేయలేదని. ‘రవి ఓన్లీ కాల్డ్ మీ’ దగ్గరే చిక్కు: ఫోన్ చేశాడంతే, రాలేదు అనుకోవచ్చు, నాకొక్కడికే చేశాడనీ అనుకోవచ్చు. మాటల్లో అయితే ఏ పదాన్ని ఒత్తి పలికారో దాన్నిబట్టి తెలిసిపోతుంది, రాతలో ఆ సౌకర్యం లేదు. అలాగని క్రియ ముందు ‘ఓన్లీ’ కనబడగానే ఎర్ర సిరా పూయనక్కరలేదు. అపార్థానికి తావు లేనప్పుడు అది సహజమైన ఇంగ్లిషేనని బ్రిటిష్ నిఘంటుకర్త హెన్రీ ఫౌలర్ 1926లోనే తన వాడుక నిఘంటువులో సమర్థించారు.

అసలు తిప్పలు మన ‘ఏ’కారంతో. ‘ఈరోజే వస్తాను’లో ‘ఏ’ ఒత్తి చెప్పడానికి, మిగతా రోజులను తోసిపుచ్చడానికి కాదు. దాన్ని ‘టుడే ఓన్లీ’ అంటే, బయటి దేశాలవారికి ‘ఈ ఒక్కరోజు మాత్రమే’ అని వినిపించవచ్చు. అక్కడ ‘ఓన్లీ’ తీసేసి, ‘టుడే’ను కాస్త గట్టిగా పలకండి, చాలు.