టైమ్ లాప్స్‌లో మూలలు నల్లబడుతుంటే లెన్స్ మార్చాలా?

మీరు అడిగింది ఇదీ: సాయంత్రం నుంచి చుక్కలు పొడిచేదాకా వైడ్ లెన్స్‌తో టైమ్ లాప్స్ (వరసగా తీసిన ఫోటోలను కలిపిన వీడియో) తీస్తే మూలలు నల్లగా పడుతున్నాయి, వీడియో నడుస్తున్నకొద్దీ ఆ నలుపు ఇంకా పెరుగుతోంది, కొత్త లెన్స్ కొనాలా అని. అక్కర్లేదండి. గండికోటలో పెన్నా లోయ మీద పొద్దుగూకడం తీసేటప్పుడు నేనూ ఈ టెన్షన్ పడ్డాను. మొదటి ఫ్రేము నుంచి చివరిదాకా ఒకేలా ఉండే విగ్నెటింగ్, అంటే ఈ మూలల నలుపు, పెద్ద సమస్య కాదు, ఒక్క కరెక్షన్‌తో వందల ఫ్రేములూ సర్దుకుంటాయి. మధ్యలో మారేదే ప్రాణం తీస్తుంది.

ఎందుకు మారుతుందో లెన్స్ చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది. అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) పూర్తిగా తెరిచి, ముందు నుంచి కాస్త వంచి చూడండి. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం పిల్లి కన్నులా సన్నబడుతుంది, లెన్స్ గొట్టం అంచు వెలుతురుకు అడ్డం పడుతోందన్నమాట. ఎఫ్ 8కి మూసి మళ్లీ వంచండి, రంధ్రం చాలావరకు నిండుగానే కనిపిస్తుంది. మీ కెమెరా ఆటోలో ఉండి, చీకటి పడేకొద్దీ ఎఫ్ 8 నుంచి ఎఫ్ 2.8కి తెరుచుకుంటే మూలలు నల్లబడక తప్పదు. దీన్ని డీఫ్లికర్ (ఫ్రేముకీ ఫ్రేముకీ వెలుతురు మినుకుమనడాన్ని, అంటే ఫ్లికర్‌ని, తగ్గించే సాఫ్ట్‌వేర్ పని) కూడా సరిచేయలేదు. అది ఫ్రేమ్ మొత్తాన్ని ఒకే మోతాదులో పెంచుతుంది, తగ్గిస్తుంది. మధ్యకీ మూలకీ ఉన్న తేడా అలాగే ఉంటుంది.

కాబట్టి అపర్చర్ మాన్యువల్‌లో కదలకుండా పెట్టి, షట్టర్‌నీ ఐఎస్ఓనీ మాత్రమే మారనివ్వండి. రాత్రి ఆకాశమే ముఖ్యమైతే నా ఓటు పూర్తిగా తెరిచిన అపర్చర్‌కే. కాస్త మూస్తే మూలలు మెరుగైనట్టు కనిపిస్తాయి గానీ, నిజానికి మూలలకు వెలుతురు పెరగదు, మధ్యలో తగ్గుతుంది అంతే. పైగా మూసి తీసేటప్పుడు బ్లేడ్లు ప్రతి ఫ్రేముకీ కదిలి, సరిగ్గా అదే చోట ఆగవు, దాంతో ఫ్లికర్. పూర్తిగా తెరిస్తే ఆ గొడవ లేదు. పగలు మూయక తప్పకపోతే అపర్చర్ రింగు ఉన్న మాన్యువల్ లెన్స్ హాయి.

ఇక కరెక్షన్. సాఫ్ట్‌వేర్‌లో మీ లెన్స్ ప్రొఫైల్ (ఆ లెన్స్ లోపాల్ని సరిచేసే లెక్క) ఉంటే దాంతోనే మొదలుపెట్టండి. మాన్యువల్ లెన్స్ అయితే ఫైల్లో అపర్చర్ వివరం ఉండదు కాబట్టి ఫ్లాట్ ఫ్రేమ్ (మూలల నలుపు ఎంతో చూపే ఖాళీ ఫోటో) తీసుకోవడం మేలు. లెన్స్ మీద తెల్ల బనియన్ గుడ్డ ముడతల్లేకుండా బిగించి, అదే అపర్చర్, అదే ఫోకస్‌తో, వెలుతురు సమంగా ఉన్న ఆకాశాన్ని తీయండి. హిస్టోగ్రామ్ (కెమెరాలో వెలుతురు ఎంతో చూపే గ్రాఫ్) మధ్యలో ఉండాలి. ఖగోళ ఫోటోలు తీసేవాళ్లు ఎప్పటినుంచో చేసే పనే ఇది. రాథెరపీ (RawTherapee) అనే ఫోటో సాఫ్ట్‌వేర్ ఉచితమే, అందులో ఈ ఫ్రేమ్‌ని వాడే ఫ్లాట్ ఫీల్డ్ ఆప్షన్ ఉంది. జూమ్, పాన్ ఎఫెక్టులు పెట్టేది ఈ కరెక్షన్ అయ్యాకే.

మూలల్ని పూర్తిగా తెల్లబరచాలని మాత్రం చూడకండి. ఐఎస్ఓ 3200లో తీసి మూలని రెండు స్టాపులు (అంటే నాలుగు రెట్లు) లేపితే అక్కడి గ్రెయిన్ దాదాపు 12800 స్థాయికి చేరి, వీడియోలో చీమలు పాకినట్టు కదులుతుంది. నేనైతే కొంత నలుపు ఉంచేస్తాను, చుక్కల ఆకాశానికి అది అందమే.

పోలరైజర్ ఫిల్టర్ (ఆకాశం నీలాన్ని ముదురు చేసేది) ఉంటే తీసేయండి. వైడ్ లెన్స్‌లో అది వేసే నల్లటి పట్టీ సూర్యుడితోపాటు జరుగుతుంది, దాన్ని ఏ ప్రొఫైలూ పట్టుకోలేదు. వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పదంటే పల్చటి అంచున్నది, ఒక్కటే వాడండి, మధ్యలో తీయకండి. స్టెబిలైజేషన్ ఆపేయండి, ఫోకస్ రింగుకి టేప్ వేయండి.