పడటం అబద్ధం కాదు బాబూ

(ఈ నెల కుస్తీ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు టీవీలో వచ్చే ప్రొఫెషనల్ రెజ్లింగ్ మీదే ఉన్నాయి. ధూల్‌పేట తాలీమ్‌లో (కుస్తీ సాధన చేసే చోట) పెరిగి, క్రీడా కోటాలో రైల్వే ఉద్యోగం చేసి, రిటైరయ్యాక పిల్లలకు కుస్తీ నేర్పుతున్న మా వస్తాదుగారి జవాబులివి.)

ప్రశ్న: వస్తాదుగారూ, మా హాస్టల్లో డబ్ల్యూడబ్ల్యూఈ చూసేది నేనొక్కణ్నే. "ఎవడు గెలవాలో ముందే రాసుకుంటార్రా, అంతా ఉత్తుత్తిదే" అని అందరూ నవ్వుతారు. 2023 సెప్టెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో జాన్ సీనా బరిలోకి వస్తుంటే నేను ఏడ్చేశాను. ఇప్పటికీ ఆ మాటెత్తి ఆటపట్టిస్తారు. వాళ్ళకేం చెప్పను?
— డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

బాబూ, గెలుపోటములు ముందే మాట్లాడుకుంటారన్న మాట నిజం. ఆ సంగతి వాళ్ళే ఒప్పుకున్నారు. 1989లో అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఆ ఆటలు నడిపే డబ్ల్యూడబ్ల్యూఈ కంపెనీవాళ్ళు, మాది పోటీ క్రీడ కాదు, వినోదం అని చెప్పారు. క్రీడ అంటే ప్రభుత్వ కమిషన్ అజమాయిషీ ఉంటుంది, అది తప్పించుకోవడానికి. మన తాలీముల్లో దీనికి ఎప్పట్నించో ఒక పేరుంది, నూరా కుస్తీ. ఎదురెదురుగా దిగే జోడీలిద్దరూ ముందే అనుకుని పట్టే కుస్తీ అన్నమాట. మా వస్తాదు ఆ మాట వింటేనే మొహం తిప్పుకునేవారు.

కానీ నేను రెండు వేసవులు ఆ నూరా కుస్తీయే పట్టాను. అందుకే నీకు జవాబు చెప్పే హక్కు నాకుందనుకుంటున్నా.

1984లో నాకింకా ఉద్యోగం రాలేదు. ఒక కాంట్రాక్టరు జిల్లాల్లో టికెట్ పెట్టి కుస్తీలు ఆడించేవాడు. తిండి పెట్టి రాత్రికి వంద రూపాయలు. నాకు నల్ల ముసుగు తొడిగాడు. నా జోడీ బార్కస్ కుర్రాడు, నాకంటే ఇరవై కిలోలు ఎక్కువ. మొదటి మూడు వారాలు మేమిద్దరం ఒక్క పట్టు కూడా పట్టలేదు. పడటం నేర్చుకున్నాం, అంతే. గడ్డం ఛాతీకి ఆనించాలి. వెల్లకిలా పడేటప్పుడు భుజాల వెనక పలకలు రెండూ ఒకేసారి నేలకు తగలాలి. అదే క్షణంలో రెండు అరచేతులూ పక్కలకు చాచి నేలను చరచాలి, ఊపిరి వదిలేయాలి. గడ్డం రెండంగుళాలు లేచిందా, తల వెనక భాగం గుద్దుకుంటుంది. రోజుకు నూరుసార్లు పడేవాళ్ళం. రాత్రి పక్కమీద వెల్లకిలా పడుకోలేక బోర్లా పడుకునేవాణ్ని.

టీవీలో నువ్వు చూసే ఆ బరి కూడా మెత్తటి పరుపేం కాదు. ఇనుప దూలాలు, వాటి మీద చెక్క పలకలు, ఆ పైన పల్చటి ఫోమ్, దానిమీద కాన్వాస్ గుడ్డ. దబ్బుమని చప్పుడొచ్చేది ఆ పలకల్లోంచే. తాళ్ళకు వీపు ఆనించి పరుగెత్తుతారు చూడు, కొత్తవాడికి మొదటి వారంలో చంకల కింద, పక్కటెముకల మీద నల్లగా వాతలు తేలతాయి.

నిజామాబాద్‌లో ఒక సాయంత్రం వాన కురిసి పరుపులన్నీ తడిసిపోయాయి. కాంట్రాక్టరు ఆట ఆపనన్నాడు. పలకల మీద ఒట్టి టార్పాలిన్ పరిపించాడు. ఆ రాత్రి నేను గెలవాలి. మధ్యలో నా జోడీ నన్ను భుజం మీదికెత్తాడు. తడి టార్పాలిన్ మీద అతని కాలు జారింది. నేను జనం వైపు చూస్తున్నాను, గడ్డం పైకుంది. తల తగిలింది. చేతుల నిండా చీమలు పాకినట్టయింది, ఆ తరవాత అదీ లేదు.

అతను నన్ను అదిమిపట్టినట్టు మీద పడి నా అరచేయి నొక్కాడు. అది మా గుర్తు. తిరిగి నొక్కితే బాగున్నానని. నా వేళ్ళు కదల్లేదు. చెవిలో "హిల్నా నక్కో భాయ్" (కదలకు భాయ్) అన్నాడు. రెఫరీకి కన్ను చూపించాడు, మూడు లెక్కపెట్టించేశాడు. పది నిమిషాల ఆట నాలుగో నిమిషానికి అయిపోయింది. జనం చెప్పులు విసిరారు. అతనేం చేశాడో తెలుసా? బరి ఆ చివరికి వెళ్ళి తొడగొట్టి, జబ్బలు చరిచి, జనాన్ని తిట్టాడు. అందరి కళ్ళూ తనమీదే ఉండాలని. ఈ వైపునుంచి ఇద్దరు నన్ను చెక్క మీద ఎత్తుకుపోయారు. తెల్లారేసరికి ఆసుపత్రిలో వేళ్ళు కదిలాయి. కాంట్రాక్టరు మందుల ఖర్చు ఇవ్వలేదు, ఆ రాత్రి వంద కూడా ఇవ్వలేదు.

నీ స్నేహితులకు ఈ కథ చెప్పు. అసలు కుస్తీలో ఎదుటివాణ్ని చిత్తు చేస్తే చాలు. ఈ కుస్తీలో ఎదుటివాడు తన మెడ నీ చేతిలో పెట్టి, నువ్వు దాన్ని తిరిగి భద్రంగా ఇస్తావని నమ్మి గాల్లోకి లేస్తాడు. ప్రతి రాత్రీ. దానికి నువ్వు ఏడ్చావంటే తప్పేమీ లేదు.

ప్రశ్న: స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్ అంత పేరున్నప్పుడే ఎందుకు మానేశాడు?
— ఆటో డ్రైవర్, మల్కాజిగిరి

మెడ కోసం తమ్ముడూ. 1997 ఆగస్టు 3న న్యూజెర్సీలో సమ్మర్‌స్లామ్ ఆట. అతని జోడీ ఓవెన్ హార్ట్ అతన్ని తలకిందులుగా పట్టుకుని పైల్‌డ్రైవర్ వేశాడు. ఆ పట్టులో పైవాడు మోకాళ్ళ మీద దిగితే కిందివాడి తలకూ నేలకూ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. ఓవెన్ కూలబడ్డాడు. ఖాళీ పోయింది. ఆస్టిన్‌కు కాళ్ళూ చేతులూ స్పర్శ తెలియలేదు.

ఆ వీడియో నేను చాలాసార్లు చూశాను. ఓవెన్ వెంటనే మీద పడిపోలేదు. జనం వైపు తిరిగి రెచ్చగొడుతూ కాలయాపన చేశాడు. ఆ తరవాత ఆస్టిన్ పాకుతూ వచ్చి, బలం లేని చేతులతో అతని కాళ్ళు పట్టి పడేశాడు. ముందు అనుకున్నట్టే గెలిచాడు. చూసిన ప్రతిసారీ నాకు నిజామాబాద్ గుర్తొస్తుంది. పొరపాటు ఓవెన్‌దే, ఆ నిమిషం మోసిందీ అతనే. రెండేళ్ళు తిరక్కుండా, 1999 మే 23న కాన్సస్ సిటీలో పైకప్పు నుంచి తాడుతో దిగబోయి, ఆ కట్టు విడిపోయి ఓవెన్ బరి మీద పడి చనిపోయాడు. ఆటలో భాగంగా కాదు, బరిలోకి రావడంలోని ఆర్భాటం కోసం. ఆ మరణాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే.

ఆస్టిన్ మెడతో ఇంకొన్నేళ్ళు లాక్కొచ్చి, 2003 రెజిల్‌మేనియా ఆటల్లో రాక్ అనే రెజ్లర్ చేతిలో ఓడి దిగిపోయాడు. అప్పటికి నలభై కూడా నిండలేదు. 2022లో మళ్ళీ ఒక్క ఆట ఆడాడు.

ప్రశ్న: దారాసింగ్ గొప్పా, మన కోడి రామ్మూర్తి గొప్పా?
— రిటైర్డ్ టీచర్, సికింద్రాబాద్

మాస్టారూ, ఇద్దరినీ తూకం వేయలేం. రామ్మూర్తి నాయుడుగారు వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుని, ఉక్కు గొలుసులు తెంచి, సొంత సర్కస్ నడిపిన మనిషి. ఆయనది బల ప్రదర్శన. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉంది, వెళ్ళినప్పుడల్లా చెప్పులు విడిచి దండం పెట్టుకుంటాను. చివరికి కాలు తీసేయాల్సి వచ్చింది, 1942లో పోయారు.

దారాసింగ్‌ది వేరే దారి. మట్టి కుస్తీ నేర్చి, టికెట్ కుస్తీలోకి వచ్చి, 1954లో రుస్తుం-ఎ-హింద్ (భారత కుస్తీ విజేత) అయి, 1968లో బొంబాయిలో అమెరికా రెజ్లర్ లూ థెజ్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అనిపించుకుని, 1983లో ఢిల్లీలో కుస్తీ చాలించి లంగోటీ విప్పారు. ఆ తరవాత రామాయణం సీరియల్లో హనుమంతుడయ్యారు. తాలీమ్‌లో ఆంజనేయస్వామి పటానికి మొక్కి దండీలు తీసే మాకు ఆదివారం టీవీలో ఆయన కనపడితే ఎలా ఉండేదో మాటల్లో చెప్పలేను. 2003లో రాజ్యసభకు కూడా నామినేట్ అయ్యారు. ప్రొఫెషనల్ కుస్తీ పట్టినవాడికి మర్యాద ఉంటుందని మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు నమ్మారంటే ఆయన వల్లే.

ప్రశ్న: ఆ రెజ్లర్లకు నెల జీతమా? దెబ్బ తగిలితే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?
— బ్యాంకు ఉద్యోగి, మియాపూర్

కాగితం మీద వాళ్ళు ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మనుషులు. బరిలో తగిలిన దెబ్బకు డబ్ల్యూడబ్ల్యూఈ వైద్యం చేయిస్తుంది. మామూలు ఆరోగ్య బీమా మాత్రం ఎవరిది వాళ్ళే చూసుకోవాలి. చిన్న కంపెనీల్లో బరిలో తగిలినదానికి కూడా దిక్కుండదు. సంతకం పెట్టేముందు వైద్యం సంగతి ఎక్కడ రాసుందో చూసుకోవాలి. నేను చూసుకోలేదు, అసలు నాకు కాగితమే లేదు.

ప్రశ్న: సర్, నేను వెయిట్‌లిఫ్టింగ్ చేస్తాను. అమ్మాయిలు ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్తే ఆ బట్టలు వేసుకోక తప్పదని ఇంట్లో అంటున్నారు.
— ఇంటర్ విద్యార్థిని, ఉప్పల్

తల్లీ, కవితా దేవి అని హర్యానా అమ్మాయి. నీలాగే వెయిట్‌లిఫ్టరు, 2016 దక్షిణాసియా క్రీడల్లో బంగారు పతకం. బిడ్డ పుట్టాక జలంధర్‌లో, డబ్ల్యూడబ్ల్యూఈలో ఆడిన గ్రేట్ ఖలీ దగ్గర చేరి కుస్తీ నేర్చుకుంది. 2017లో అమెరికాలో మే యంగ్ క్లాసిక్ అనే ఆడవాళ్ళ పోటీలో బరిలోకి దిగినప్పుడు ఆమె వేసుకున్నది సల్వార్ కమీజు. కాషాయం రంగు. ఆ ఆట ఓడిపోయింది, కానీ ఆ బట్టల్లోనే ఎదుటి అమ్మాయిని తలపైకెత్తింది. ఆ వీడియో మీ నాన్నగారి పక్కన కూర్చుని చూడు.

ప్రశ్న: అన్నగారూ, మా పెద్దాడికి పద్నాలుగేళ్ళు. రెజ్లర్ అవుతానని ఒకటే గోల. మొన్న మంచం మీంచి తమ్ముడి మీదికి దూకాడు, చిన్నాడి మణికట్టు వాచింది. టీవీ కేబుల్ పీకేశాను. ఇప్పుడు అన్నం మానేశాడు. ఏం చేయమంటారు?
— ఒక తల్లి, కూకట్‌పల్లి

అమ్మా, ముందు చిన్నాడికి ఎక్స్‌రే తీయించండి. వాపు తగ్గినా తీయించండి. ఆ వయసులో మణికట్టు ఎముక చీలినా పైకి తెలియకపోవచ్చు.

కేబుల్ మళ్ళీ పెట్టండి. వాడు చూసింది తప్పు కాదు, చూసినది ఎలా జరుగుతుందో వాడికి తెలియకపోవడమే తప్పు. నిజామాబాద్ కథ చదివి వినిపించండి. తమ్ముడు జోడీ కాడు, వాడికి పడటం రాదు, కాబట్టి వాడి మీద దూకడం దెబ్బ కొట్టడమే అని చెప్పండి. కొట్టొద్దు. నేను ఎంతమంది పిల్లల్ని చూశానో, ఇదొక్కటి అర్థమైన రోజున వాళ్ళ నడకే మారిపోతుంది.

రెజ్లర్ అవుతాడా అంటే, దారి ఉంది, పొడుగు దారి. ముందు అసలు కుస్తీ నేర్వాలి. పాతబస్తీలో, ధూల్‌పేటలో ఇప్పటికీ తాలీములున్నాయి. ఎర్రమట్టిలో నూనె, పసుపు, మజ్జిగ కలిపి గుల్లగా తవ్వుతాం. ఆ మట్టి మెత్తగా ఉంటుంది, పుండు పట్టనివ్వదని మా పెద్దల నమ్మకం. అక్కడ దండీలు, బస్కీలు, మెడకు కసరత్తు. మెడ గట్టిపడే దాకా ఎత్తే పట్లు నేను నేర్పను. ఆ తరవాత మ్యాట్ మీద స్కూలు పోటీలు. పదోతరగతి తప్పకూడదు. పోటీల్లో నిలబడితే రైల్వే, పోలీసు, సైన్యం క్రీడా కోటాలు ఉన్నాయి. నా ఇల్లు నిలబడింది ఆ ఉద్యోగంతోనే.

పద్దెనిమిది దాటాక కూడా వాడి మనసు అక్కడే ఉంటే జలంధర్‌లో ఖలీ అకాడమీ ఉంది. ఖలీ కూడా పంజాబ్ పోలీసు ఉద్యోగం నుంచి వెళ్ళినవాడే. 2019లో డబ్ల్యూడబ్ల్యూఈ ముంబైలో ఎంపికలు పెట్టి కబడ్డీ, కుస్తీ ఆడే పిల్లల్ని చూసింది. ఎంపికైనవాళ్ళకు అమెరికాలో ఓర్లాండోలో శిక్షణ. అక్కడ కూడా మొదట నేర్పేది పడటమే.

ఒక్క విషయంలో మాత్రం మీరు రాయిలా ఉండాలి. జిమ్ముల్లో కండ కోసం అమ్మే ఇంజెక్షన్లు. ఎడ్డీ గెరేరో అని ఎంతో చక్కటి ఆటగాడు, 2005లో 38 ఏళ్ళకే హోటల్ గదిలో గుండె ఆగి పోయాడు. ఆ మరుసటి ఏడే డబ్ల్యూడబ్ల్యూఈ మందుల పరీక్షలు మొదలుపెట్టింది. పాలు, గుడ్లు, శనగలు, నానబెట్టిన బాదం చాలు. నా దగ్గర పెరిగిన ఏ పిల్లాడికీ అంతకంటే ఎక్కువ అవసరం పడలేదు.

ఈ ఉత్తరం కింద మీ ఫోన్ నంబరు రాశారు కదా, మా కుర్రాడు చిరునామా చెప్తాడు. ఆదివారం తెల్లవారుజామున అయిదింటికి ఇద్దరినీ తీసుకురండి. చిన్నాడు కట్టుతో ఉంటే గట్టు మీద కూర్చుని చూస్తాడు. పెద్దాడిని ఖాళీ కడుపుతో రమ్మనండి. లంగోటీ నేనిస్తాను. ముందురోజు రాత్రే చేతి గోళ్ళు, కాలి గోళ్ళు మొదలంటా కత్తిరించుకోమనండి. బరిలోకి దించేముందు నేనే పట్టి చూస్తాను.